మెదక్ చర్చిని లేపిన చేతులేవి?

మెదక్ చర్చి ఎవరు కట్టిండ్రని అడిగితే ఎవరైనా ఒక్కటే పేరు చెప్తరు: చార్లెస్ వాకర్ పాస్నెట్. దొర సంకల్పాన్ని మనం కాదనం. కరువుల అల్లాడే జనానికి పని చూపి, కడుపు నింపిండు. కానీ 1914 నుంచి పదేండ్లు రాయి కొట్టిందెవరు? సున్నం మోసిందెవరు? 175 అడుగుల గోపురం మీదికి రాళ్లెక్కించిందెవరు? వంద అడుగుల వెడల్పు, రెండు వందల అడుగుల పొడవు, అయిదు వేల మంది పట్టే మందిరం ఒక్క దొర చేతుల మీద లేచిందా?

1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. గోతిక్ శైలి అని మెచ్చుకుంటరు. రంగుటద్దాల మీద క్రీస్తు కథ గీసిన సాలిస్‌బరీ పేరు రాస్తరు. నేల మీది పెంకులు బ్రిటన్ నుంచి వచ్చినయని కూడా రాస్తరు. సముద్రం దాటొచ్చిన పెంకుకు చిరునామా ఉన్నది. ఊరు దాటని కూలికి లేదు! ఇదెక్కడి న్యాయం?

2024తో నూరేండ్లు నిండినయి. మన చరిత్ర మనమే రాసుకోవాలె అని ఉద్యమంల గొంతు చించుకున్నం. 2014ల రాష్ట్రం తెచ్చుకున్నం. ఇంక ఎవరి కోసం ఎదురుచూపు? విద్యార్థి తమ్ములారా, ఉద్యోగ మిత్రులారా! మెదక్ పల్లెలకు పోండ్రి. ముసలోళ్లను అడుగుండ్రి. తాతల పేర్లు రాసుకోండ్రి. ఆ పేర్లు చెక్కిన రాయి చర్చి వాకిట్ల నిలవెట్టేదాక అడుగుతనే ఉందాం.