ఇంటీరియర్ కొలతల కోసం ప్రో ఫోన్ కొనాలా? నా మాట వినండి, టేపు కొనండి

"ఇంట్లో ఇంటీరియర్ పని పెట్టుకుంటున్నాం, కొలతలకు లైడార్ ఉన్న ఐఫోన్ ప్రో తీసుకుంటే బెటరా?" ఈ మధ్య ఇద్దరు ఫ్రెండ్స్ నన్ను ఇదే అడిగారు. ఆ ఒక్క పని కోసమైతే వద్దన్నాను. ఆ తప్పు నేను చేసి, డబ్బులు పోగొట్టుకుని చెప్తున్న మాట ఇది.

మాది నిజామాబాద్ జిల్లా నవీపేట్. బాపు పసుపు వేస్తాడు, నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్. పాత ఇంటి పక్కనే మూడు గదుల కొత్త ఇల్లు కట్టాం. స్లాబ్, ప్లాస్టరింగ్ అయ్యాక వార్డ్‌రోబ్‌లు, కిచెన్ ప్లానింగ్ నా మీద పెట్టారు, "ఇంజినీర్ చదివినవ్ కదా" అని. నేను చదివింది కంప్యూటర్ సైన్స్. ఊళ్లో ఆ తేడా ఎవరికీ పట్టదు.

నా చేతిలో ప్రో ఫోన్ ఉంది. 2020లో ఐఫోన్ 12 ప్రోతో ఆపిల్ ఫోన్లలోకి లైడార్ వచ్చింది. లైట్ పంపి, అది గోడకు తగిలి తిరిగొచ్చే టైమ్‌ను బట్టి దూరం లెక్కేస్తుంది. 2022లో ఐఓఎస్ 16తో పాటు రూమ్‌ప్లాన్ అనే టూల్‌ను డెవలపర్లకు ఇచ్చారు. దాంతో చేసిన యాప్ ఓపెన్ చేసి గదిలో ఒక రౌండ్ తిరిగితే చాలు, గోడలు, తలుపులు, కిటికీలతో త్రీడీ మోడల్ తయారు. నిజంగా బాగుంటుంది. అమ్మకు చూపిస్తే "మన ఇల్లేనా?" అంది.

ఆ స్కాన్‌నే హైదరాబాద్‌లోని ఒక మాడ్యులర్ ఫర్నిచర్ వాళ్లకు పంపాను. నవీపేట్ దూరం అని కొలతలకు వాళ్లు మనిషిని పంపలేదు, నేనూ పట్టుబట్టలేదు. స్కాన్‌లో గోడ 10 అడుగులు. వాళ్లు 9 అడుగుల 11 అంగుళాలకు వార్డ్‌రోబ్ చేసి పంపారు. కింద సరిపోయింది. పైన ఇరుక్కుంది. టేపు పెట్టి చూస్తే నేల దగ్గర 10 అడుగులే, ఏడడుగుల ఎత్తులో మాత్రం 9 అడుగుల పదిన్నర అంగుళాలు. మూలలో ప్లాస్టర్ పైకి పోయే కొద్దీ లోపలికి వచ్చింది. యాప్ దాన్ని తిన్నటి గోడగా గీసేసింది.

మా ఊరి వడ్ల కాక వచ్చి సైడ్ ప్యానెల్ కోసి కూర్చోబెట్టాడు. ఫ్యాక్టరీ ఎడ్జ్ బ్యాండింగ్ పోయింది, ఆ అంచు ఇప్పటికీ తెలుస్తుంది. "మేం సూత్‌లలో కొలుస్తం బిడ్డా" అన్నాడు. అంగుళానికి ఎనిమిది సూత్‌లు. నా ఫోన్ తప్పింది పన్నెండు సూత్‌లు.

ఆపిల్‌ను కూడా పూర్తిగా తప్పు పట్టలేం. మెజర్ యాప్‌లో వచ్చే కొలతలు సుమారుగానే ఉంటాయని వాళ్లే చెప్తారు. నిలువెత్తు అద్దాలు, గాజు ఉంటే స్కాన్ తడబడుతుందని రూమ్‌ప్లాన్ గురించీ చెప్పారు. మన ఇళ్లల్లో అద్దం బీరువా లేని గది ఎక్కడుంది? ఆండ్రాయిడ్ వైపు కథ ఇంకా చిన్నది. 2014లో మొదలైన గూగుల్ టాంగో 2018 మార్చిలో మూతపడింది, మెజర్ యాప్ 2021లో పోయింది.

అందుకే కిచెన్‌కు పద్ధతి మార్చాను. ప్రతి గోడనూ నేల దగ్గర, నడుము ఎత్తులో, పైన, మూడు చోట్ల టేపుతో కొలిచి చిన్న కొలతనే తీసుకున్నాను. మూల నుంచి ఒక గోడ మీద 3 అడుగులు, రెండో గోడ మీద 4 అడుగులు గుర్తు పెట్టి మధ్య దూరం చూడండి. 5 అడుగులు రాకపోతే మూల సరిగ్గా లేనట్టే. ఇంకోటి ఏ యాప్ చెప్పలేదు, కాక చెప్పాడు: ప్లైవుడ్ షీట్ 8 అడుగులు బై 4 అడుగులు. అల్మారా లోతు 24 అంగుళాలకు కాస్త తక్కువ పెట్టుకుంటే వెడల్పులో రెండు ముక్కలొస్తాయి. 25 పెట్టారా, ఒక్కటే వస్తుంది, మిగతాది పక్కన పడేయాల్సిందే.

మరి ఫోన్ దండగా? కాదు. ప్లాస్టర్ వేయకముందు గోడల్లో కరెంట్ పైపులు, నీళ్ల పైపులు ఎటు పోయాయో వీడియో తీయండి, ఫ్రేమ్‌లో టేపు కనపడేలా. మామూలు ఆండ్రాయిడ్ ఫోన్ చాలు. కిచెన్ గోడకు డ్రిల్ పెట్టే ముందు ఆ వీడియోనే మమ్మల్ని కాపాడింది. త్రీడీ మోడల్ కూడా ఫ్రిజ్ ఎక్కడ, స్టవ్ ఎక్కడ అని ఇంట్లో వాళ్లతో మాట్లాడుకోవడానికి పనికొస్తుంది. కోతకు మాత్రం కాదు.

ఆ మోడల్ ముందు కూర్చున్నప్పుడే అసలు పంచాయితీ వచ్చింది. నడిమి గదిలో నేను టేబుల్, మానిటర్ పెట్టి వర్క్ ఫ్రమ్ హోమ్ సెటప్ గీశాను. బాపు చూసి "మరి పసుపు బస్తాలు ఏడ పెట్టాలె?" అన్నాడు. ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టాక రేటు లేకపోతే బస్తాలు ఇంట్లోనే ఆపుతాం. గోడకు తగలకుండా, కింద చెక్కలు వేసి పెట్టాలి. ఈ వార్డ్‌రోబ్ వచ్చిందీ ఆ బస్తాల పైసలతోనే. స్కాన్ చేసిన రోజు గది ఖాళీగా ఉంది కాబట్టి యాప్‌కు అది ఖాళీ గది. నేనైతే ఆ ఇంట్లోనే పుట్టాను, నాకు గుర్తుండాలి కదా. సిగ్గేసింది.

టేబుల్ ఇప్పుడు నా బెడ్రూంలో కిటికీ కిందకు పోయింది. తెల్ల మ్యాట్ లామినేట్ ఐడియా కూడా మానుకున్నాను, పసుపు చేతులతో ముట్టుకునే ఇంట్లో అదెన్ని రోజులు తెల్లగా ఉంటుంది? కిచెన్ కొలతలు కాగితం మీద రెడీగా ఉన్నాయి, కాక ఒకసారి, నేను ఒకసారి కొలిచాం. నిజామాబాద్ మార్కెట్‌లో రేటు చూసి బాపు బస్తాలు అమ్మితే ప్లైవుడ్ దిగుతుంది.