తాళంచెవి ఎవరి కొంగున?

"ఇంట్లోవాళ్ళ మధ్య తాళాలేమిటండీ, చోద్యం కాకపోతే!" కంప్యూటర్ డిస్కుకి ఎన్‌క్రిప్షన్ పెట్టాలని నేనన్నప్పుడల్లా వినబడే మాట ఇది. బీరువాకి తాళం వేస్తే ఇల్లాలి జాగ్రత్తట, కంప్యూటర్‌కి వేస్తే దాపరికమట! ఈ న్యాయం నాకెప్పటికీ బోధపడదు.

ఈ రోజుల్లో కొన్ని ఇళ్ళల్లో ఒకే కంప్యూటర్‌లో రెండు కాపరాలుంటున్నాయి. విండోస్ మనకో వాటా, లినక్స్ చదువుకునే పిల్లలకో వాటా. "విండోస్‌కి పాస్‌వర్డ్ ఉందిగా, ఇంకేం భయం?" అని నిశ్చింతగా ఉంటాం. ఆ పాస్‌వర్డ్ వట్టి వీధితలుపు గడియేనండీ! డిస్కు మీది రాతనంతా తాళంచెవి లేనివాళ్ళకి అర్థంకాని గజిబిజిగా మార్చేదే ఎన్‌క్రిప్షన్. అది లేకపోతే లినక్స్ వాటాలోంచి ఎవరైనా పెరటిదారిన వచ్చి మీ ఉత్తరాలూ, బ్యాంకు కాగితాలూ, నాబోటి దాని సగం రాసిన నవలా దర్జాగా చదువుకోవచ్చు. అడిగే నాథుడుండడు.

విండోస్‌కి బిట్‌లాకర్ అనే తాళముంది. అది లినక్స్ వాటాని కాయదు. దానికి లక్స్ అని వేరే తాళం. మామూలుగా లినక్స్ ఎక్కించేటప్పుడే పెట్టించుకోవాలి.

అయితే నా అసలు పోట్లాట తాళంచెవి గురించి. విండోస్ 11లో 2024నాటి కూర్పుని కొత్తగా ఎక్కించి మైక్రోసాఫ్ట్ ఖాతాతో తెరిస్తే, చాలా కంప్యూటర్లలో తాళం దానంతటదే పడుతుంది. 48 అంకెల రికవరీ కీ ఆ ఖాతాలోకి పోతుంది. ఆ ఖాతా ఎవరిది? కొన్ననాడు తెరిచినవారిది. శ్రీవారిదో, అమెరికాలో ఉన్న అబ్బాయిదో! తర్వాత ఎవరో లినక్స్ ఎక్కిస్తూ కంప్యూటర్ మొదలయ్యే తీరు మారుస్తారు. విండోస్‌కి అనుమానమొచ్చి 48 అంకెలూ చెప్పమంటుంది. మన రాతలన్నీ లోపల, మనం గుమ్మం బయట! ఆ అంకెలు ఎక్కడా దొరక్కపోతే ఎంత పెద్ద మెకానిక్కయినా చేతులెత్తేయవలసిందే.

"నీకెందుకు, నేను చూసుకుంటాగా" అంటారు. ఎందుకు చూసుకోవాలి? కొట్టుగది తాళాలు అమ్మమ్మలు బొడ్లో దోపుకుని తిరిగితే ఇంటి యజమానురాలన్నారే గాని, అనుమానపు మనిషి అనలేదే!

అంచేత రెండో వ్యవస్థ ఎక్కించకముందే ముఖ్యమైనవన్నీ ఇంకోచోట కాపీ చేయించండి. ఆ 48 అంకెలూ కాగితం మీద రాసి, పట్టుచీరల మడతల్లో మీరే దాచుకోండి. అడిగితే ఇచ్చే తాళంచెవికీ, మన కొంగున ఉన్న తాళంచెవికీ తేడా ఎంతో ఆడవాళ్ళకి వేరే చెప్పాలా?