ఊరకుక్కకు కులం పేరా?

మన అనకాపల్లి హాస్టల్లో అన్నాల వేళకు మెస్ వెనక కాచుక్కూచునే ఊరకుక్కను ఇంగ్లీషు పుస్తకాలు 'పరియా డాగ్' అంటాయి. పీజీ జువాలజీలో ఆ మాట చూసి కాసేపు పేజీ తిప్పలేకపోయాను. అది తమిళనాట పఱై వాయించే పరయర్ల కులం పేరు. తెల్లదొరలు దాన్ని 'వెలివాడు' అనే అర్థంలో వాడి, చివరికి కుక్కకు తగిలించారు. మా తాత కూడా డప్పు కొట్టినవాడే. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే.

అసలు కుక్కకూ వెలికీ సంబంధమేమిటి? తోడేలు నుంచి వచ్చిన ఈ జీవి, ఆవు మేకల కంటే ముందే మనిషిని చేరింది. జర్మనీలో 14 వేల ఏళ్లనాటి సమాధిలో మనుషులతోపాటే దాని ఎముకలు దొరికాయి. కాశ్మీర్‌లోని బుర్జహోమ్ సమాధుల్లోనూ కుక్కలున్నాయి. మనిషి వెంటే ఖండాలు దాటింది. మన మెతుకులు తిని బతకడం నేర్చింది. పిండిపదార్థాన్ని అరిగించే శక్తి తోడేలు కంటే కుక్కకే ఎక్కువని 2013లో జన్యు పరిశోధనే తేల్చింది.

తమ్ముళ్లూ! ఊరకుక్క ఊళ్లోనూ, మన పేటలోనూ ఒకేలా తిరుగుతుంది. గీత గీసింది మనుషులే. పరీక్షలో 'ఇండియన్ నేటివ్ డాగ్' అనే రాయండి. మార్కు పోతే మళ్లీ తెచ్చుకోవచ్చు.