కక్షిదారునకు తోడు కావలెను

1984వ సంవత్సరపు కుటుంబ న్యాయస్థానముల చట్టము తన 13వ సెక్షనునందు, న్యాయవాదిని నియోగించుకొనుట కక్షిదారునకు హక్కు కాదని శాసించి, దంపతుల కలహము వాదప్రతివాదములకంటె సామరస్యముచేతనే తీరవలెనన్న సదుద్దేశమును ప్రకటించినది. ఉద్దేశము శ్లాఘ్యమే, కాని బంట్రోతు పేరు పిలువగానే, మనోవర్తి దరఖాస్తును, ఆస్తిపాస్తుల అఫిడవిటును గుడ్డసంచిలో వణకుచున్న చేతులతో వెదకుకొను ఇల్లాలికి, ఏ కాగితము ముందు చూపవలెనో, ఏ మాట మరచినదో చెవిలో చెప్పువారెవ్వరు?

ఇంగ్లండులో 1970 నాటి మెకెంజీ విడాకుల వ్యాజ్యపు తీర్పు మొదలు, వకీలు కాని మిత్రుడొకడు కక్షిదారు ప్రక్కన కూర్చుండి, కాగితము లందించుచు, విషయములు వ్రాసికొనుచు, మెల్లగా సలహా చెప్పుటకు న్యాయస్థానములు సమ్మతించుచున్నవి. వాదించుట మాత్రము సాధారణముగా ఆతని పని కాదు.

మన చట్టమును సాంఘిక సంక్షేమ సంస్థల సహకారమును, సలహాదారుల నియామకమును పేర్కొనియే యున్నది. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము స్త్రీలకు ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయమును ప్రసాదించినది. న్యాయసేవాధికార సంస్థలకు పారా లీగల్ వాలంటీర్లును గలరు. అయినను సలహాదారు ఇరుపక్షములకును సమానుడు. ఒంటరియైన కక్షిదారునకు తనవాడనదగిన తోడు వేరొకటి అవసరము. కావున హైకోర్టులు, కుటుంబ న్యాయస్థానముల చట్టపు 21వ సెక్షను తమకిచ్చిన అధికారము ననుసరించి, శిక్షణ పొంది, ప్రతిఫలము గోరక, రహస్యము కాపాడెదనని మాటయిచ్చిన సహాయకుని కక్షిదారు ప్రక్కన కూర్చుండనిచ్చు నిబంధనను తమ నియమావళులలో జాప్యము లేక చేర్చవలెను.