పొగ, నిప్పు, గుమ్మడికాయల దొంగ

పిల్లలూ, దూరాన కొండ మీద పొగ లేస్తున్నదనుకోండి. నిప్పు కనిపించదు. అయినా, "అక్కడ నిప్పు ఉంది" అని మీరు చటుక్కున చెబుతారు. తర్కశాస్త్రంలో ఇది బహు పాత ఉదాహరణ. పిల్లలకు తర్కం సులభంగా బోధపడాలని 17వ శతాబ్దంలో అన్నంభట్టు అనే ఆంధ్ర పండితుడు సంస్కృతంలో "తర్కసంగ్రహం" రాశాడు. అందులోనూ ఈ పొగా, నిప్పూ ఉన్నాయి.

"పొగ ఉంటే నిప్పు ఉంటుంది" అన్న మాటను ఒప్పుకుందాం. దాన్నిబట్టి నాలుగు విధాల ఊహించవచ్చు:

1. పొగ ఉంది, కనుక నిప్పు ఉంది.
2. నిప్పు లేదు, కనుక పొగ లేదు.
3. నిప్పు ఉంది, కనుక పొగ ఉంది.
4. పొగ లేదు, కనుక నిప్పు లేదు.

మొదటిది సరి అయినదే. రెండోదీ సరి అయినదే. పొగే ఉంటే నిప్పు ఉండి తీరాలి గదా! చెరువు నడుమ నిప్పు లేదు, పొగా లేదు.

మూడోదీ, నాలుగోదీ తప్పు. కమ్మరి కొలిమిలో ఎర్రగా కాల్చి తీసిన ఇనపగుండును చూడండి. నిప్పు ఉంది, పొగ లేదు. "పొగ లేదు గదా" అని దాన్ని ముట్టుకున్నవాడి చెయ్యి కాలుతుంది! నిప్పు నుంచి పొగ రావాలంటే తడికట్టె కూడా తోడుండాలని పూర్వులే చెప్పారు.

ఇప్పుడు బడికి వద్దాం. ఎవరిదో కలం పోయింది. "తీసినవాడు తడబడతాడు" అన్నారు పిల్లలు. ఒక కుర్రవాణ్ణి అడిగితే తడబడ్డాడు. "వీడే దొంగ!" అని అందరూ కేకలు పెట్టారు. ఇది మూడో రకం తప్పు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడన్న సామెత ఉంది. కాని నలుగురూ తన కేసి గుడ్లురిమి చూస్తే, ఏమీ ఎరగనివాడు కూడా తడుముకుంటాడు! తొందరపాటు ఊహతో పాపం ఆ కుర్రవాడికి దొంగ అని పేరు పడుతుంది.

"ఇంకొకడు తడబడలేదు, కనుక వాడు దొంగ కాడు" అంటే? ఇది రెండో విధం. ఊహించిన పద్ధతి సరి అయినదే. కాని మొదటి మాటే నిజం కాదు. ఆరితేరిన దొంగ తడబడడు సుమా! కాబట్టి పద్ధతీ సరిగా ఉండాలి, పట్టుకున్న మాటా నిజమై ఉండాలి.

చివరికి ఒక ప్రశ్న. వాన కురిస్తే వాకిలి తడుస్తుంది. పొద్దున లేచి చూస్తే వాకిలి తడిగా ఉంది. రాత్రి వాన కురిసిందనవచ్చునా? జవాబు చెప్పేముందు, అమ్మ కళ్ళాపి చల్లిందేమో కనుక్కోండి!