ఐ.పి. పెట్టవచ్చునా?



మిరపలో వరుసగా రెండేళ్లు నష్టపోయిన ఒక సహోదరుడు ఒక రాత్రి భార్యతో కలిసి మా ఇంటికి వచ్చాడు. నోట్ల మీద తెచ్చిన అప్పు పద్నాలుగు లక్షలు. బ్యాంకు తాకట్టు వేరు. "అయ్యగారూ, ప్లీడరు గారు ఐ.పి. పెట్టమంటున్నారు. ముందుగా ఎకరంన్నర బావమరిది పేర రాసేయమని మా వాళ్లు అంటున్నారు. పాపమా?" అని అడిగాడు. ఆయన భార్య తల ఎత్తలేదు.

అప్పిచ్చినవారిలో మన సంఘపు విధవరాలు ఒకామె ఉన్నది. ఇచ్చేముందు ఆమె నన్నడిగితే "మంచివాడేనమ్మా" అని చెప్పినది నేనే. కాబట్టి ఆ రాత్రి నాకును నిద్రపట్టలేదు.

ముందు చట్టము సంగతి. మన పల్లెలలో ఐ.పి. అనేది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టము క్రింద వేసే దివాలా పిటిషను. 2016లో కొత్త దివాలా కోడ్ వచ్చినను, రైతులు పాత చట్టము క్రిందనే కోర్టుకు వెళ్తూ వచ్చారు. కోర్టు దివాలా ప్రకటించినప్పుడు ఆస్తి రిసీవరు చేతికి పోతుంది. అమ్మి అప్పులవాళ్లకు పంచుతారు. రైతు కాపురముండే ఇల్లు, సేద్యపు పనిముట్లు, ఎడ్లు, విత్తనాలు, వంటపాత్రలు సాధారణముగా ముట్టరు. తరువాత విడుదల కోసము వేరుగా అడగాలి. ఉన్న ఆస్తి రూపాయికి ఎనిమిది అణాలకైనా చాలకపోతే, అది తన తప్పిదము వల్ల కాదని కోర్టును ఒప్పించాలి.

చాలామందికి తెలియనివి కొన్ని ఉన్నవి. తాకట్టు భూమిపై బ్యాంకు హక్కు పోదు. మోసము చేసి తెచ్చిన అప్పు, ప్రభుత్వ బాకీ రద్దు కావు. మన కోసము జామీను సంతకము పెట్టినవాడు విడుదల పొందడు. బరువంతా అతని మెడకు చుట్టుకొంటుంది. ఇక బావమరిది పేర ఊరకే రాసిన భూమిని, రెండేళ్లలోపు పిటిషను పడితే, కోర్టు రద్దు చేయగలదు. ఆస్తి దాచినట్లు రుజువైతే ఏడాది వరకు జైలు.

రెండవ మార్గము రాజీ. ఐ.పి.లోనే, దివాలా ప్రకటించిన తరువాత, "ఇంత చెల్లిస్తాను" అని ప్రతిపాదన పెట్టవచ్చు. హాజరైన అప్పులవాళ్లలో ఎక్కువమంది, అప్పు విలువలో ముప్పాతిక భాగము గలవారు ఒప్పుకొని, కోర్టు ఆమోదిస్తే అది అందరినీ కట్టివేస్తుంది. ఐ.పి. వరకు పోకుండ లోక్ అదాలత్‌లో కూడ రాజీ పడవచ్చు. అక్కడి తీర్పు కోర్టు డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు.

వాక్యమేమి చెప్పుచున్నది? ద్వితీయోపదేశకాండము 15లో ఏడవ యేట అప్పుల విడుదలను దేవుడే నియమించెను. కాబట్టి నిజముగా లేనివాడు విడుదల కోరుట పాపము కాదు. కాని 2 రాజులు 4లో ఎలీషా ఆ విధవరాలితో నూనె అమ్మి మొదట అప్పు తీర్చుమనెను, మిగిలినదానితో బ్రదుకుమనెను. ఆ వరుస మరువకూడదు.

నేను ఆ సహోదరునితో ఇలా అన్నాను: "తాకట్టు లేని ఆ ఎకరంన్నర ఉన్నంతకాలము నీవు లేనివాడవు కావు. అది చూపించి రాజీకి పిలువు. అది కుదరకపోతే ఐ.పి. పెట్టు, కాని ఒక్క సెంటు కూడ దాచకుండ పెట్టు." ఆయన చాలాసేపు మాట్లాడలేదు. అప్పుడు భార్య లేచి నోటుపుస్తకము అడిగింది. అప్పులన్నీ వరుసగా రాశారు. మొదట రాసినది ఆ విధవరాలి పేరు.

అప్పిచ్చిన విశ్వాసులారా, మత్తయి 18 మీకును వ్రాయబడినది. ఇంటి ముందు కేకలు వేయకుడి. అప్పులో మునిగిన తండ్రులారా, పురుగుమందు డబ్బా వైపు చూడకముందు మీ భార్యతో చెప్పండి, మీ సంఘకాపరితో చెప్పండి. అప్పు తీరుటకు దారులున్నవి. మీ పిల్లలకు మీకు బదులుగా మరియొక తండ్రి లేడు.