పందెం మానుకున్న రోజు

ఇంగ్లండు దేశస్థురాలు క్రిస్సీ వెల్లింగ్టన్ పేరు మన పాఠకుల్లో చాలామంది విని ఉండరు. మన పత్రికల్లో ఆటల పేజీ అంటే క్రికెట్టే గదా. ఈమె ఆట ట్రయథ్లాన్. ఒకే రోజున, మధ్యలో విశ్రాంతి లేకుండా ముందు ఈదాలి, తరువాత సైకిలు తొక్కాలి, ఆపైన పరుగెత్తాలి. అందులోనూ ఈమె పాల్గొన్నది ఐరన్‌మ్యాన్ అనే పొడవైన పందెంలో. 3.8 కిలోమీటర్లు ఈత, 180 కిలోమీటర్లు సైకిలు, 42.2 కిలోమీటర్లు పరుగు. హైదరాబాదు నుంచి వరంగల్లుకు ఉన్న దూరం కన్నా ఎక్కువ తొక్కి, సైకిలు దిగి, అప్పుడు పరుగు మొదలుపెట్టాలన్న మాట. 1978లో హవాయి దీవుల్లో ఈ పందెం మొదటిసారి జరిగినప్పుడు బయలుదేరిన 15 మందీ మగవాళ్లే. మరుసటి ఏడు లిన్ లమేర్ అనే ఒక్క స్త్రీ బయలుదేరి, పూర్తి చేసింది.

క్రిస్సీ 1977లో పుట్టారు. నార్ఫోక్ ప్రాంతంలో ఒక చిన్న ఊళ్లో పెరిగారు. భూగోళశాస్త్రం చదివి, తరువాత ప్రభుత్వంలో పర్యావరణ శాఖలో ఉద్యోగం చేశారు. చిన్ననాటి నుంచి ఛాంపియన్ ఏమీ కాదు. 2004లో నేపాలు వెళ్లి పల్లెల్లో మంచినీళ్లు, మరుగుదొడ్ల పథకంలో పనిచేశారు. అక్కడ స్నేహితులతో కలిసి కొండదారుల్లో సైకిలు తొక్కుతుంటే తన ఒంట్లో ఎంత శక్తి ఉన్నదో తెలిసింది. ముప్ఫయ్యో ఏట, 2007లో, ఉద్యోగం వదిలి పూర్తికాలపు క్రీడాకారిణి అయ్యారు. ఆ ఏడాది అక్టోబరులోనే హవాయిలోని కోనాలో ప్రపంచ ఛాంపియన్ అయ్యారు. 2008, 2009, 2011 సంవత్సరాల్లో మళ్లీ గెలిచారు. ఆ దూరంలో పాల్గొన్న 13 పందేల్లో ఒక్కటి కూడా ఓడలేదు. 2011లో జర్మనీలోని రోత్‌లో 8 గంటల 18 నిమిషాల 13 సెకన్లలో పూర్తి చేశారు. ఆ రికార్డు 2023 దాకా నిలిచింది.

ఇవి గెలుపుల లెక్కలు. మన తల్లులు తెలుసుకోవలసిన సంగతి వేరే ఉన్నది.

చదువుకునే రోజుల్లో క్రిస్సీకి తిండి జబ్బు వచ్చింది. తిన్నదంతా కావాలని వాంతి చేసుకోవడం, తరువాత తిండి మరీ తగ్గించేయడం. ఈ విషయం ఆమే 2012లో వచ్చిన తన ఆత్మకథలో దాచకుండా రాశారు. ఇది పెద్ద దేశాల జబ్బు, మనకెందుకు అనుకోవద్దు. కాలేజీ పిల్ల కళ్లు తిరిగి పడిపోయిందని ఓపీకి తీసుకొస్తారు. చూస్తే రక్తం తక్కువ. ఉదయం ఏం తిన్నావమ్మా అంటే టీ అంటుంది. నిన్న రాత్రి అంటే తల్లి వైపు చూస్తుంది. అందరికీ ఇదే జబ్బని నేను అనను, చాలామందికి ఉన్నది మామూలు రక్తహీనతే. కానీ అన్నం తిన్న వెంటనే రోజూ బాత్‌రూములోకి వెళ్లి గడియ పెట్టుకుంటున్నా, బుగ్గలు ఉబ్బినట్టున్నా, వేళ్ల కణుపుల మీద కాయ కాసినా, పళ్లు అరుగుతున్నా, నెలసరి తప్పుతున్నా తల్లి గమనించాలి. మాటిమాటికీ వాంతి చేసుకుంటే ఒంట్లో పొటాషియం పడిపోతుంది, గుండె లయ తప్పుతుంది. ఇది పొగరు కాదు, మొండితనం కాదు. తిడితే దాచిపెట్టడం నేర్చుకుంటారు. డాక్టరుగారి దగ్గరకు తీసుకురావాలి, మనసు డాక్టరు అవసరమైతే సిగ్గుపడకుండా అక్కడికీ తీసుకువెళ్లాలి.

పెళ్లిళ్లలో, ఆదివారం ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర, “ఏమే, లావయ్యావు, సంబంధాలెట్లా వస్తాయి?” అని నవ్వుతూ అనే అత్తలు, పిన్నులు కాస్త ఆగాలని నా మనవి. ఆ నవ్వు రాత్రి భోజనం దాకా ఆ పిల్ల వెంట వస్తుంది. తిండి చాలకుండా సాధన చేసే క్రీడాకారిణులకు నెలసరి ఆగిపోతుంది, ఎముకలు పలచబడతాయి. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ దీనికి ఒక పేరు కూడా పెట్టింది. ఇంజను ఎంత గట్టిదైనా పెట్రోలు పోయకుండా నడవదు గదా.

ఇక నేను ఈ వ్యాసం రాయడానికి కారణమైన రోజు. 2010 అక్టోబరు, కోనా. వరుసగా మూడేళ్లు గెలిచిన క్రిస్సీ నాలుగోసారి బయలుదేరాలి. ఆ ఉదయమే ఒంట్లో బాగోలేదని మానుకున్నారు. లోకం ఊరుకుంటుందా? భయపడిందన్నవాళ్లూ ఉన్నారు. తరువాత పరీక్షల్లో గొంతు ఇన్ఫెక్షను, న్యుమోనియా, దోమల ద్వారా వచ్చే వెస్ట్ నైల్ వైరసు ఉన్నట్టు తేలింది. అలాంటి ఒంటితో ఆ ఎండలో తొమ్మిది గంటలు! ఆగిపోయిన ఆ మనిషే ఆరు వారాల తరువాత అమెరికాలోని అరిజోనాలో 8 గంటల 36 నిమిషాల్లో పందెం గెలిచారు.

2011 సంగతి తలకిందులు. కోనా పందేనికి రెండు వారాల ముందు సైకిలు మీద నుంచి పడ్డారు. చర్మం చీరుకుపోయింది, ఛాతీ కండరం దెబ్బతిన్నది, కాలి పుండు చీము పట్టి ఆసుపత్రిలో మందులు ఎక్కించవలసి వచ్చింది. అయినా దిగారు, గెలిచారు. క్రీడాభిమానులు ఆమె గొప్పదనమంటే ఈ పందేన్నే చెబుతారు. నన్నడిగితే నర్సుగా నేను ఒప్పుకోను. మానని పుండుతో సముద్రంలో దిగుతానంటే నా వార్డులోంచి కదలనివ్వను. ఆమెకు డాక్టర్లున్నారు, కోచ్ ఉన్నాడు, ఒళ్లు తెలిసిన అనుభవం ఉన్నది, సరే. కానీ మన ఆడవాళ్లకు చూపించవలసిన ఏడాది 2011 కాదు, 2010.

ఎందుకంటే 2011ని మన ఇళ్లలో ఎవరూ నేర్పనక్కరలేదు. నాలుగు రోజుల జ్వరంతో నాట్లకు వెళ్తారు. సిజేరియను కుట్లు మానకముందే నీళ్ల బిందె ఎత్తుతారు. బీపీ మాత్ర పండుగ పనుల్లో మరిచిపోతారు. “ఆమె ఎంత ఓర్పు గలదో” అని పదిమంది మెచ్చుకుంటారు. ఆ ఓర్పుతోనే అర్ధరాత్రి ఆటోలో మా క్యాజువాలిటీకి వస్తారు. వచ్చాక కూడా “ఇంటి దగ్గర గేదె ఉంది సిస్టర్, రేపు పంపించేస్తారా?” అని అడుగుతారు. ఆ గేదె పాలు పిండడానికి భర్తగారికీ రెండు చేతులున్నాయి. విశ్రాంతి తీసుకోమని ఆమెకు చెప్పి లాభం లేదు, ఇంట్లోవాళ్లకే చెప్పాలి. అందుకని మా సిస్టర్లు డిశ్చార్జి కాగితం ఇచ్చేటప్పుడు భర్తను, అత్తగారిని కూడా పిలిచి కూర్చోబెట్టి మాట్లాడుతున్నారు.

క్రిస్సీ 2012 చివర పందేల నుంచి విరమించుకున్నారు. తరువాత పార్క్‌రన్ అనే సంస్థలో ఆరోగ్య బాధ్యతలు చూశారు. 2004లో లండనులో 13 మందితో మొదలైన కార్యక్రమం అది. శనివారం ఉదయం పార్కులో ఐదు కిలోమీటర్లు, రుసుము లేదు. పరుగెత్తవచ్చు, నడవవచ్చు. అందరికన్నా వెనుక ఒక వాలంటీరు నడుస్తారు గనుక నేను ఆఖరు అన్న బాధ ఎవరికీ ఉండదు. 2018లో అక్కడి డాక్టర్ల సంఘంతో కలిసి, క్లినిక్కులకు వచ్చే రోగులను ఈ నడకకు పంపే ఏర్పాటు కూడా చేశారు. షుగరు, బీపీ ఉన్నవాళ్లకు ఇంతకన్నా చవకైన మందు నాకు తెలియదు.

మన చర్చి మైదానం శనివారం ఉదయం ఖాళీగానే ఉంటుంది. చీరతో, చెప్పులతో వచ్చినా ఫరవాలేదు. ఆఖరున నడిచే పనికి మా నర్సింగ్ స్కూలు పిల్లల్ని పంపిస్తాను. జ్వరం ఉన్నవాళ్లు మాత్రం ఆ వారం రావద్దు.